మా రేడియోకి కుడి చెవి

వార్షికోత్సవ సంచికకి పాత విద్యార్థులు కూడా ఏదైనా రాసి పంపాలని కబురు వచ్చినప్పుడు, 2003 నుంచి 2008 దాకా ఆరో నంబరు గదిలో ఉన్న మేం నలుగురం ఫోన్లలో మాట్లాడుకున్నాం. ఒకడు సాంబారు మీద రాద్దామన్నాడు. సాంబారు మీద ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, అందులో ముక్క మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఇంకొకడు అప్పటి వార్డెన్ గారి మీద రాద్దామన్నాడు. చివరికి రేడియో మీద రాయాలని తేలింది. రేడియో అంటే మా గదిలో ఐదోవాడు. వాడిని అడిగితే రెండు షరతులు పెట్టాడు. అసలు పేరు రాయకూడదు. పంపేముందు తనకి చదివి వినిపించాలి. రెండూ ఒప్పుకున్నాం.

2003 జూన్‌లో అందరం ఆరో తరగతిలో చేరాం. ట్రంకు పెట్టెలు, చాపలు, కంచాలు, కళ్ళు తుడుచుకుంటున్న అమ్మలు. ఆ రోజు ఎలా ఉంటుందో ఈ సంచిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ పొగాకు గ్రేడింగు పనికి పోయే మనిషి. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. వార్డెన్ గారి బల్ల ముందు నిలబడి, కొడుకు తల పక్కకి వంచి, కుడి చెవి వెనకాల వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ గొట్టం ఉంది సారూ. లోపల్నుంచే పొట్ట దాకా పోయింది. తల మీద మటుకు కొట్టమాకండి సారూ. కొట్టాలంటే కాళ్ళ మీద కొట్టండి."

మేం లైన్లో నిలబడి విన్నాం. తల కొంచెం పెద్దది, నుదురు ముందుకొచ్చి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళకే మేం వాడికి 'బోండాం' అని పేరు పెట్టేశాం. ఎవరు పెట్టారో ఇప్పుడు ఒప్పుకోవడానికి నలుగురిలో ఎవరూ సిద్ధంగా లేరు. వాడు మాత్రం బాధపడ్డట్టు కనపడలేదు. మర్నాడే వ్యాపారం మొదలుపెట్టాడు. గొట్టం చూడాలంటే ఒక నిమ్మతొన బిళ్ళ, ముట్టుకోవాలంటే రెండు. మేమందరం రెండేసి ఇచ్చుకుని ముట్టుకున్నాం. చెవి వెనక చిన్న బుడిపె, అక్కడి నుంచి చర్మం కింద పురికొసలాగా మెడ మీదుగా, ఛాతీ మీదుగా పొట్టలోకి పోయేది.

బోండాం పేరు రెండు నెలలు కూడా నిలవలేదు, రేడియో వచ్చింది. ఎందుకంటే వాడు నోరు మూసేవాడు కాదు. లేచింది మొదలు మాటలే. చిరంజీవి సినిమా కథ, వాళ్ళ ఊళ్ళో బోరు వేస్తే నీళ్ళు పడని కథ, సర్పంచి ఎన్నిక, తుపాను ఎటు పోతుందో, అన్నీ పెద్దమనిషి లాగా చెప్పేవాడు. "పరిస్థితులు అనుకూలించడం లేదు బ్రదర్" అనేవాడు పదకొండేళ్ళవాడు. మాకు ముచ్చటగానే ఉండేది. కానీ మనం ఏదన్నా చెప్పబోతే పట్టించుకునేవాడు కాదు. సగంలో ఇంకో కథ ఎత్తుకునేవాడు. రేడియో మాట్లాడుతుంది గానీ వినదు కదా, అందుకని ఆ పేరు. పెట్టినప్పుడు అందులో ఉన్న నిజం మాకు తెలియదు.

వినడం లేదన్నది మేం పొగరుగా లెక్కేశాం. వెనకనుంచి పిలిస్తే ఒకసారి పలికేవాడు, ఒకసారి పలికేవాడు కాదు. ఎప్పుడూ పలక్కపోతే చెవుడనుకునేవాళ్ళం. సాయంత్రం హాజరు పిలిచేటప్పుడు కొన్ని రోజులు ఠంచనుగా "ఎస్ సార్" అనేవాడు, కొన్ని రోజులు పక్కవాడితో కబుర్లాడుతూ ఉండిపోయేవాడు. స్టడీ అవర్‌లో ట్యూటరు మూడుసార్లు పిలిచి, నాలుగోసారి వచ్చి అరచేతుల మీద బెత్తంతో కొట్టిన రోజులు చాలా ఉన్నాయి. తల మీద కొట్టలేదు, ఆ తల్లి మాట అందరికీ గుర్తుంది. మేం నవ్వుకునేవాళ్ళం. ఒకసారి మేమే కావాలని వెనక నిలబడి మెల్లిగా పిలిచి, వాడు పలకలేదని సార్‌కి చెప్పి కొట్టించాం. ఇది రాయాలా వద్దా అని మాలో మాకు వాదన జరిగింది. రాయమన్నది రేడియోనే.

పైగా దీపావళికి టపాకాయ పేలితే రెండు చెవులూ మూసుకుని గదిలో మూలకి పోయేవాడు. స్కూలు గంట దగ్గరగా కొడితే మొహం చిట్లించేవాడు. "చెవుడైతే శబ్దానికి భయమెందుకురా, అంతా వేషం" అని మేం తీర్పు చెప్పేశాం.

ఏటా ఒకసారి డాక్టరు గారు హాస్టలుకి వచ్చేవారు. ఎత్తు, బరువు చూసేవారు, గజ్జి ఉందేమో వేళ్ళ సందుల్లో చూసేవారు, గోడకి అక్షరాల అట్ట తగిలించి కళ్ళు చూసేవారు. చెవికి మాత్రం టార్చిలైటు. "చీము కారుతుందా?" "లేదు సార్." "నెక్స్ట్." రేడియో ఆ మూడేళ్ళూ అలాగే గట్టెక్కాడు. గడగడా మాట్లాడే పిల్లవాడి చెవి మీద ఎవరికి అనుమానం వస్తుంది?

2005 డిసెంబరు. ఎనిమిదో తరగతి. హాస్టలు నుంచి హైస్కూలుకి పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి. మేం అవతలి గట్టుకి చేరాం, ఒకడు మాత్రం వాడి పక్కన ఉన్నాడు. కుడివైపు నుంచి లారీ హారను కొట్టుకుంటూ వస్తోంది. రేడియో హారను విని ఆగాడు, ఎడమవైపు చూశాడు, అటు ఏమీ లేదు గనక అడుగు ముందుకేశాడు. పక్కనున్నవాడు చొక్కా పట్టి లాగాడు, గుండీలు రెండు ఊడి రోడ్డు మీద పడ్డాయి. లారీ క్లీనరు తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేం. మేం కూడా తిట్టాం. వాడు మాత్రం, "శబ్దం ఇటునుంచి వచ్చింది కదరా" అని ఎడమ చెయ్యి చూపిస్తాడు. మళ్ళీ మళ్ళీ అదే మాట. ఏడుస్తూ అన్నాడు. వాడు ఏడవడం మేం మొదటిసారి చూశాం.

ఆ రాత్రి గదిలో ఎవరికీ నిద్ర పట్టలేదు. అప్పటిదాకా విడివిడిగా ఉన్నవన్నీ కలిపి చూడటం మొదలైంది. కాయిన్ బాక్సు ఫోన్లో వాళ్ళ ఊరికి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటాడు. భోజనాల్లో కుడి పక్కన కూర్చున్నవాడు ఉప్పు అడిగితే ఇవ్వడు. అన్నిటికంటే పొద్దుటి గంట. మన హాస్టల్లో ఐదింటికి వాచ్‌మన్ రైలు పట్టా ముక్క మీద కొట్టే గంట చచ్చినవాడిని లేపుతుందని పేరు. రేడియో కొన్ని రోజులు అందరికంటే ముందు లేస్తాడు, కొన్ని రోజులు దుప్పటి లాగినా కదలడు. మాలో ఒకడికి అనుమానం వచ్చి వారం రోజులు చూశాడు. కుడి పక్కకి తిరిగి పడుకుని ఉంటే గంటకి లేస్తున్నాడు. ఎడమ పక్కకి తిరిగి, ఎడమ చెవి చేతి మీద పెట్టుకుని పడుకుంటే లేవడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం వాడి కళ్ళకి తువ్వాలు కట్టి, డిజిటల్ వాచీ తెచ్చి 'టిక్' మనిపించాం. ఎడమ చెవి దగ్గర నొక్కితే చెయ్యెత్తాడు. కుడి చెవికి ఆనించి నొక్కినా చెయ్యెత్తలేదు. ఎడమ చెవిని అరచేత్తో గట్టిగా మూసి కుడి చెవిలో పేరు పెట్టి పిలిచాం. తువ్వాలు కింద నవ్వుతూ, "ఇంకా మొదలుపెట్టలేదేందిరా?" అన్నాడు.

మాకు నవ్వు రాలేదు.

ఇన్నేళ్ళూ నీకు తెలియదా అని అడిగాం. "అందరికీ ఇట్లాగే ఉంటుందనుకున్నా" అన్నాడు. ఐదేళ్ళ వయసులో పోయిన చెవి. అంతకుముందు ఎలా వినపడేదో వాడికి గుర్తు లేదు.

వార్డెన్ గారికి చెబితే ముందు నమ్మలేదు. పిలిచి, తన బల్లకి కుడివైపున నిలబెట్టుకుని, ఎడమవైపున నిలబెట్టుకుని మాట్లాడి చూశారు. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. ఆ వారంలోనే వాళ్ళమ్మకి కబురు పెట్టించి, మాలో ఇద్దరిని తోడిచ్చి, చార్జీలు సొంత జేబులోంచి ఇచ్చి పట్నం ఆస్పత్రికి పంపారు.

వాళ్ళమ్మ పాలిథిన్ కవర్లో పాత కాగితాలన్నీ దాచి ఉంచింది. 1997లో రేడియోకి జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం. క్షయ మెదడు పొరలకి పాకిందన్నారు. దానివల్ల తలలో నీరు చేరింది. ఆపరేషన్ చేసి గొట్టం వేశారు. రెండు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు. ఆ కాగితాల్లో చెవి అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు, బిడ్డ కళ్ళు తెరిచి "అమ్మా" అంటే చాలని ఆ వార్డులో అందరూ అనుకునే రోజులవి. "మాటలు వచ్చినయ్యి గదా, ఇంక చెవికేమనుకున్నా బాబూ" అంది ఆమె బస్సులో మాతో.

ఆస్పత్రిలో చప్పుడు చొరబడని చిన్న గదిలో వాడిని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఎడమ చెవికి టకటకా నొక్కాడు. కుడి చెవి వంతు వచ్చినప్పుడు, మంచి చెవి మోసం చెయ్యకుండా ఎడమవైపు జల్లువాన లాంటి చప్పుడు పెట్టారట. అద్దం ఇవతల మేం చూస్తున్నాం. బటన్ మీద వేలు అలాగే ఉంది. నిమిషాలు గడుస్తున్నాయి. రేడియో అంతసేపు మాట్లాడకుండా, కదలకుండా కూర్చోవడం మేం చూసింది అదొక్కసారే. కాగితం మీద ఎడమ చెవి గీత పైనే ఉంది, కుడి చెవి గీత అడుక్కి దిగిపోయింది. ఇంకో రోజు పడుకోబెట్టి, తలకి తీగలు అంటించి 'బెరా' పరీక్ష చేశారు. శబ్దానికి మెదడు కాండంలో వచ్చే స్పందనని యంత్రమే రాస్తుంది, పిల్లవాడు చెప్పాల్సిన పని లేదు. అదీ అదే చెప్పింది.

ఎందుకు పోయింది? అక్కడి డాక్టరు గారు ఓపికగా చెప్పిన సంగతులూ, మాలో ఒకడు ఇప్పుడు న్యూరోసర్జరీ వార్డులో స్టాఫ్ నర్సు గనక వాడి దగ్గర తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాం.

మెదడు లోపలి గదుల్లో నీళ్ళలాంటి ద్రవం ఊరుతూ ఉంటుంది. పెద్దవాళ్ళలో రోజుకి అర లీటరు దాకా తయారవుతుంది, కానీ ఒక సమయంలో ఉండేది 150 మిల్లీలీటర్లే. మిగిలింది ఎప్పటికప్పుడు రక్తంలోకి ఇంకిపోతుంది. దారి మూసుకుపోతే ఊరేది ఆగదు, పోయేది ఆగిపోతుంది. దాన్నే హైడ్రోకెఫలస్ అంటారు. గొట్టం అంటే షంటు ఆ నీటిని పొట్టలోకి మళ్ళిస్తుంది. మేం నిమ్మతొన బిళ్ళలిచ్చి ముట్టుకున్న బుడిపె దాని వాల్వు, నీరు ఒకవైపే పోనిస్తుంది. అలాంటి వాల్వుల్లో బాగా పనికొచ్చిన తొలిదానిని 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే ఆయన చేశాడు. ఆయన డాక్టరు కాదు, తాళాల కంపెనీలో పనిచేసే మెకానిక్కు. తన కొడుక్కి ఈ జబ్బు ఉండబట్టి చేశాడు.

ఇక చెవి. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి కాక్లియా ఉంటుంది, అందులోనూ ద్రవమే. ఈ ద్రవానికీ మెదడు చుట్టూ ఉన్న ద్రవానికీ మధ్య వెంట్రుకంత సన్నని కాలువ ఒకటి ఉంది. పిల్లల్లో అది పెద్దవాళ్ళకంటే తెరుచుకుని ఉంటుందంటారు. అందువల్ల తలలో ఒత్తిడి పెరిగినా, షంటు నీటిని మరీ ఎక్కువగా లాగేసి ఒత్తిడి తగ్గినా ఆ మార్పు చెవి దాకా రావచ్చు. షంటు ఉన్న కొందరు పిల్లల్లో ఒక చెవే, అదీ షంటు ఉన్న వైపుదే, దెబ్బతిని కనిపించిందని 2003లో వైద్య పత్రికలో వచ్చింది. అది కొద్దిమంది పిల్లల్ని చూసి రాసింది, ఖాయంగా అనుకోకూడదు. మెదడు పొరల వాపు తనంతట తానే చెవి నరాన్నీ కాక్లియానీ పాడు చేయగలదు. స్ట్రెప్టోమైసిన్ జాతి ఇంజక్షన్లకీ చెవి మీద దెబ్బ ఉంటుంది. అయితే ఇంజక్షన్ వల్లయితే మామూలుగా రెండు చెవులకీ తగలాలి, వీడికి ఒకటే పోయింది. కాకపోతే స్ట్రెప్టోమైసిన్ వినికిడి కంటే ఎక్కువగా ఒంటి తూకాన్ని చెడగొడుతుందట. అది విన్నాక మాకు ఇంకొకటి గుర్తొచ్చింది. చీకట్లో పొలం గట్టు మీద నడిచేటప్పుడు రేడియో మా భుజం పట్టుకోకుండా అడుగు వేసేవాడు కాదు. దెయ్యాలంటే భయమని ఏడిపించాం.

మూడింట్లో ఏది అని అడిగితే డాక్టరు గారు, ఇన్నేళ్ళ తర్వాత చెప్పలేం అన్నారు. వాళ్ళమ్మ చాలాసేపు నోట్లో నోట్లో ఏదో అనుకుని, చివరికి అడిగింది.

"ఆ గొట్టం వేయించకపోతే వినపడేదా సారూ?"

"గొట్టం వేయించకపోతే వినడానికి పిల్లవాడే ఉండేవాడు కాదమ్మా" అన్నారాయన.

ఆమె గుండె మీద నుంచి ఏదో బరువు దించినట్టు కనపడింది. పన్నెండు రూపాయల బత్తాయిలు కొని మాకు కూడా ఇచ్చింది.

మాటల సంగతి కూడా ఆరోజే తెలిసింది. తలలో నీరు చేరిన పిల్లల్లో కొందరు, ముఖ్యంగా వెన్నుపూస లోపంతో పుట్టినవాళ్ళు, వయసుకి మించిన మాటలు ధారాళంగా మాట్లాడతారట. మాట తీరు చూసి వీళ్ళకి అన్నీ అర్థమవుతున్నాయి, అన్నీ వినపడుతున్నాయి అని పెద్దవాళ్ళు మోసపోతారట. కొందరు పెద్ద శబ్దాన్ని అస్సలు ఓర్చుకోలేరట. టపాకాయల సంగతి అదన్నమాట. ఈ పేరా చదివి వినిపిస్తే రేడియో అడ్డం వచ్చాడు. "నాకు వెన్నుపూస జబ్బు లేదు. నా మాటలు నావే" అన్నాడు. అదీ రాస్తున్నాం.

వినికిడి లోపం సర్టిఫికెట్ వస్తే బస్‌పాస్, పింఛను వస్తాయని వార్డెన్ గారు ఆశపెట్టుకున్నారు. రాలేదు. అప్పుడున్న 1995 చట్టం ప్రకారం బాగా వినపడే చెవిలో 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. 2016లో వచ్చిన కొత్త చట్టంలోనూ రెండు చెవులనే లెక్క చూస్తారు. ఒక చెవి పూర్తిగా పోయినా ఇంకోటి బాగుంటే కాగితం మీద వాడికి ఏ లోపమూ లేదు. లారీకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆ చెవికి మిషను పెట్టినా లాభం లేదన్నారు. కాబట్టి మేం చేయగలిగిందల్లా వాడి చోటు మార్చడం.

క్లాసులో మొదటి బెంచీ కుడి చివర, గోడ పక్కన కూర్చోబెట్టాం. గోడ వైపు చెవిటి చెవి, క్లాసు వైపు మంచి చెవి. హాజరప్పుడు ఎడమవైపు నిలబడ్డవాడు మోచేత్తో పొడవాలి. భోజనాల్లో కుడివైపు ఎవరూ కూర్చోకూడదు, లేకపోతే ఉప్పు దొరకదు. పొద్దున గంటకి పక్క చాపవాడు కాలితో తన్నాలి. దీనికి వంతులు వేసుకున్నాం, పాత కక్షలున్నవాళ్ళు తమ వంతు బాగా వాడుకున్నారు. రోడ్డు దాటేటప్పుడు చెవిని నమ్మకుండా రెండు పక్కలా కళ్ళతో చూడాలని నేర్పాం. ట్యూటరు మళ్ళీ ఎప్పుడూ వాడి మీద బెత్తం ఎత్తలేదు. క్షమించమని అడగలేదు గానీ, వాడి ఎడమవైపుకి వచ్చి నిలబడి పాఠం చెప్పేవారు. తొమ్మిదిలో వాడికి లెక్కల్లో 61 వచ్చాయి, అంతకుముందు ఏడాది 23.

2007 డిసెంబరు, పదో తరగతి. మూడు రోజులుగా రేడియోకి తలనొప్పి. పొద్దున వాంతి. రాత్రి కూరలో ఏదో తేడా అనుకున్నారు, ఎందుకంటే ఆరోజు ఇంకో ఇద్దరికి కూడా కడుపు బాగాలేదు. పారాసిటమాల్ ఇచ్చారు. మూడో రోజు స్టడీ అవర్‌లో వాడు మాట్లాడటం మానేశాడు. తల బల్ల మీద పెట్టుకుని, పక్కనున్న మావాడితో, "ఎడమ చెవి కూడా బావిలో మునిగినట్టుందిరా. నీ మాట దూరంగా ఉంది" అన్నాడు.

అదొక్క మాట చాలింది. షంటు మూసుకుపోతే తలనొప్పి, వాంతులు, మగత వస్తాయని రెండేళ్ళ కిందటే ఆ డాక్టరు గారు మా ఇద్దరికి చెప్పి పంపారు. వినికిడిలో తేడా వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దన్నారు. మేం వార్డెన్ గారి క్వార్టరు తలుపు కొట్టాం. 108కి ఫోన్ చేశారు. వచ్చేసరికి పదకొండున్నర. స్ట్రెచరు ఎక్కించేటప్పుడు వాడికి సగం మెలకువ. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు, ఎడమవైపు నుంచి పిలిచినా.

గొట్టం మూసుకుపోయిందన్నారు. ఆపరేషన్ ఉచితమే గానీ కొత్త గొట్టం బయట కొనుక్కురావాలి. మర్నాడు పొద్దున హాస్టల్లో ప్రతి గదికీ తిరిగాం. ఆ నెల సబ్బులకీ నూనెకీ ఇచ్చిన కాస్మెటిక్ చార్జీలు చాలామంది అలాగే ఇచ్చేశారు. ఆరో తరగతి పిల్లవాడు ఒకడు సగం వాడిన సబ్బు తెచ్చి ఇచ్చాడు, డబ్బు ఖర్చయిపోయిందని. మొత్తం 640 రూపాయలు. మిగతాది వార్డెన్ గారూ, వంటమనిషీ, స్కూలు సార్లూ వేశారు. కొన్నది మన దేశంలోదే, ఉత్తరప్రదేశ్‌లో తయారయ్యే చాబ్రా షంటు. తక్కువ ధరది కదా ఎలా పనిచేస్తుందో అని భయపడ్డాం. ఉగాండాలో పిల్లలకి అదీ, ఖరీదైన విదేశీదీ వేసి ఏడాది పాటు చూసి, ఫలితాల్లో తేడా లేదని 2005లోనే రాశారని నర్సు మిత్రుడు తర్వాతెప్పుడో చెప్పాడు. అప్పుడు తెలిసి ఉంటే ఆ రాత్రి కాస్త నిద్రపోయేవాళ్ళం.

నాలుగో రోజు వార్డులోకి పోనిచ్చారు. తల సగం గొరిగి కట్టు కట్టి ఉంది. మేం మంచానికి ఎడమవైపు వరుసగా నిలబడ్డాం. ఒకడు మెల్లిగా, అంటే గుసగుసగా, వాడి అసలు పేరు పిలిచాడు. వాడు కళ్ళు మూసుకునే, "ఏందిరా అందరూ వచ్చారు, హాస్టల్లో ఇవాళ గుడ్డు లేదా?" అన్నాడు. ఎడమ చెవి తిరిగి వచ్చింది. కుడిది ఎలా ఉన్నది అలాగే.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకి ఒక సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకి చూసే జబ్బుల్లో వినికిడి లోపం కూడా ఉంది. డాక్టరు బృందం వచ్చినప్పుడు చెవిని టార్చితో చూసి వదిలేస్తే, వినపడటం కూడా చూడమని అడగండి. ఒక్కో చెవి విడివిడిగా. చిన్నప్పుడు మెదడు జ్వరం వచ్చినవాడు, తలలో గొట్టం ఉన్నవాడు మీ గదిలో ఉంటే మరీను. మా నర్సు మిత్రుడి వార్డులో మెదడు పొరల వాపుతో వచ్చిన పిల్లల్ని ఇంటికి పంపే ముందే, లేదా నాలుగు వారాల్లోపు, చెవి పరీక్షకి పంపాలని వాడు వెంటపడుతుంటాడు. ఆ జబ్బు తర్వాత కొందరిలో కాక్లియా లోపల ఎముక పెరిగి పూడిపోతుంది. రెండు చెవులూ పోయిన పిల్లవాడికి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టాలన్నా అప్పుడు కష్టం. ఆ తల్లులు కూడా అదే మాట అంటారట, మాటలు వచ్చినయ్యి గదా బాబూ అని.

రేడియో ఇప్పుడు ఎరువుల దుకాణంలో చేస్తున్నాడు. కౌంటరు ఎటువైపు కూర్చుంటాడో మీరే ఊహించుకోవచ్చు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఇది మొత్తం ఫోన్లో చదివి వినిపించడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది, అందులో మా చదువు అరగంట. మూడు దిద్దుబాట్లు చెప్పాడు. లారీ దగ్గర ఊడినవి రెండు గుండీలు కావు, మూడు. లెక్కల్లో వచ్చింది 61 కాదు, 64. ఈ రెంటికీ సాక్ష్యం లేదు కాబట్టి మేం మార్చలేదు. మూడోది, తొమ్మిదో తరగతిలో క్యారమ్స్‌లో తను హాస్టల్ ఫస్టు వచ్చిన సంగతి రాయనే లేదని. వచ్చాడు, నిజమే.

2008 పదో తరగతి వీడ్కోలు ఫోటో ఆఫీసు గదిలో అంబేద్కర్ పటం కింద ఇంకా ఉందని మొన్న వచ్చినప్పుడు చూశాం. చెదలు ఒక మూల తిన్నాయి. చూసేవాళ్ళకి ఎడమ చివర, నిలబడ్డ వరుసలో, నోరు తెరిచి ఏదో చెబుతూ ఉన్నవాడే మా రేడియో. ఆ చివర నిలబడితే అందరం వాడి ఎడమవైపే ఉంటాం.